రైటే కదమ్మా?

ఆమె భయమంతా ఒక్కటే. తన కూతురికి తన గొంతు ఎప్పటికీ తెలియకుండా పోతుందేమోనని. పిల్ల ఒళ్ళు వెచ్చబడితే ఆమె అంతగా బెంబేలెత్తదు, మందు వేసి పక్కన కూర్చుంటుంది. పాలు తాగకుండా మొండికేస్తే కాసేపాగి మళ్ళీ ఇస్తుంది. ఈ భయానికి మాత్రం ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఇలాంటి భయం ఒకటి ఉంటుందనే ఈ పొద్దుటి దాకా తెలియదు.

పోయిన వారం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెడీమేడ్ చొక్కాలు కుట్టే యూనిట్‌లో కాలర్ల లైను మీద పనిచేస్తుంది మన గుండుసూది. మనిషి సన్నం, మాట సూటి, అందుకని అక్కడివాళ్ళు పెట్టిన పేరది. ఏడు నెలల కూతుర్ని అమ్మకు అప్పజెప్పి పనికి బయల్దేరిన మనిషి, సగం దారిలో కత్తెర మరిచిపోయానని వెనక్కి తిరిగింది. మూడో అంతస్తు ఎక్కి వరండా కిటికీ దగ్గరకొచ్చేసరికి లోపల్నుంచి టంగు టంగుమని చప్పుడు. తొంగి చూసింది. నేల మీద దుప్పటి పరిచి, దిండుకు ఆనించి కూర్చోబెడితే బుడ్డది చెక్క చెంచా ఒకటి నోట్లో పెట్టుకుని నాకుతోంది. దాని వీపు వెనక మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ స్టీలు పళ్ళేన్ని గరిటెతో కొడుతోంది. కొట్టి, ఆగి, పిల్ల మెడ వంక చూసి, ఇంకాస్త గట్టిగా కొట్టి. పిల్ల తిరగలేదు. చెంచా నాకడం ఆపలేదు. అమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అదిగో, అప్పుడు గుండుసూది తలుపు తోసింది.

"ఏంటే, అప్పుడే వచ్చేశావు? యూనిట్ లేదా?" అంది అమ్మ, గరిటెను దిండు కిందికి తోస్తూ.

"కత్తెర మరిచిపోయా. నువ్వేం చేస్తున్నావు?"

"ఏముంది, మనవరాల్ని ఆడిస్తున్నా."

"ఆడించేవాళ్ళు ఎదురుగా కూర్చుంటారమ్మా. వీపు వెనక కూర్చుని ఎవర్ని ఆడిస్తారు?"

"అబ్బో, వచ్చింది పెద్ద లాయరు! పద పద, ఆలస్యమైతే ఆ సూపర్‌వైజరు గయ్‌మంటాడు. కత్తెర అదిగో, కుట్టు మిషను మీదే ఉంది."

గుండుసూది కత్తెర వైపు చూడలేదు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ కూతురి వెనక్కి వచ్చింది.

"పళ్ళెం ఇలా ఇవ్వు."

"ఎందుకే ఇప్పుడు?"

"ఇవ్వమన్నానా."

అందుకుంది. గరిటె కూడా దిండు కింద నుంచి లాక్కుంది. ఒక్కసారి ఊపిరి బిగబట్టి కొట్టింది. కింద వీధిలో కుక్క ఒకటి ఉలిక్కిపడి మొరిగింది. ఎదురింటి కిటికీలో ఎవరో తల బయటపెట్టి చూశారు. బుడ్డది మాత్రం చెంచా రెండో వైపు తిప్పి నోట్లో పెట్టుకుంది.

"బుడ్డీ," అంది గుండుసూది. "బుడ్డమ్మా. ఏయ్, దొంగపిల్లా. ఇటు చూడవే. అమ్మనే."

తను పెట్టిన ముద్దు పేర్లన్నీ ఒకదాని వెంట ఒకటి పిలిచింది. ఆ పేర్లన్నీ పిల్ల తల మీదుగా వెళ్ళి గోడకు తగిలి పడిపోయాయి. ఇక నిలబడలేక ఒక అడుగు పక్కకు వేసింది. నీడ దుప్పటి మీద పడింది. అంతే, బుడ్డది చటుక్కున తలెత్తి, గుండుసూదిని చూసి, కింది రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది. చేతులు రెండూ చాచింది.

ఆ నవ్వు చూసే కదా ఇన్నాళ్ళూ ఆమె నిశ్చింతగా ఉన్నది!

ఏడు నెలలు. పాలిస్తూ, స్నానం చేయిస్తూ, గుడ్డలు మారుస్తూ ఆమె పిల్లతో మాట్లాడని రోజు లేదు. అసలు కడుపులో ఉండగానే మొదలుపెట్టింది. క్లినిక్‌లో కాబోయే తల్లులకు క్లాసు పెట్టినప్పుడు, బిడ్డకు మీ గొంతు ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండమ్మా అని చెబితే, ఆ మాట పట్టుకుని మిషను మీద కాలరు కాలరుకీ ఒక కబురు చెప్పేది. ఇదిగో ఇది నీలం రంగు, ఇది గళ్ళ చొక్కా, ఈ గుండీ నీ ముక్కంత ఉంటుంది. పక్క మిషను అక్క పడీ పడీ నవ్వేది. "ఇది పుట్టేసరికే కాలరు కుట్టడం వచ్చేస్తుందే," అనేది. పుట్టాక, తలుపు ధడాలున పడినా పిల్ల లేవకపోతే ఆ అక్కే సర్టిఫికెట్ ఇచ్చేసింది: "అరవై మిషన్ల మధ్య పెరిగిన పిండం. దానికి చప్పుళ్ళొక లెక్కా?" అందరూ నవ్వారు. గుండుసూది కూడా నవ్వింది.

ఇప్పుడు ఒళ్ళో పిల్లను పెట్టుకుని కూర్చుంటే, ఏడు నెలలుగా తను ఎవరితో మాట్లాడిందో అర్థం కాలేదు.

ఎదురుగా గోడ మీద క్లినిక్ వాళ్ళిచ్చిన బొమ్మల చార్టు ఉంది. ఏ నెలకు బిడ్డ ఏం చెయ్యాలో బొమ్మలు వేసి, కింద ఒక్కో ముక్క రాసి ఉంటుంది. చూపు నిలపడం, మెడ నిలబెట్టడం, బోర్లా పడటం. ప్రతిదాని పక్కనా ఆమె బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతో టిక్కు పెట్టింది. ఆరో నెల గడిలో ఒక పాప బొమ్మ, దాని వెనక ఒక గంట. 'చప్పుడు వచ్చిన వైపు తల తిప్పుతుంది.' దాని పక్కన కూడా టిక్కు ఉంది.

"అమ్మా, ఆ టిక్కు ఎవరు పెట్టారు?"

"నువ్వే పెట్టావు."

"ఎవరి మాట మీద పెట్టాను?"

అమ్మ దుప్పటి కొస సర్దుతూ కూర్చుంది.

"తాళాలగుత్తి చప్పుడుకి చటుక్కున తిరిగిందన్నావు. కుడిపక్కకి తిరిగిందని కూడా చెప్పావు. ఆ రోజు నేను భోజనాల టైములో యూనిట్‌లో అందరికీ చెప్పుకున్నానమ్మా."

"తిరిగిందే, ఒట్టు. గుత్తి చెయ్యి జారి కింద పడితే తిరిగింది."

"నేల అదిరితే తిరిగింది. చప్పుడుకి కాదు."

"ఆ తేడాలన్నీ నాకేం తెలుస్తాయే? నేనేమన్నా డాక్టరమ్మనా?"

"తెలియనిదానివి పళ్ళెం ఎందుకు కొట్టావు మరి?"

అమ్మ పెదవులు ఎప్పుడైనా వణికితే ముందు కుడి కొస వణుకుతుంది. అది వణికింది.

"ఎన్నాళ్ళ నుంచి కొడుతున్నావు?"

"రోజూ."

"రోజూనా?"

"నువ్వు మెట్లు దిగగానే," అంది అమ్మ. "ఒకరోజు కాకపోతే ఒకరోజు తిరుగుతుంది కదా అని. అది తిరిగిందంటే నీకు చెప్పే పనే తప్పిపోతుంది కదా అనుకున్నా."

"నాకు చెప్పే పనా? ఏం చెప్పే పని? నీకు ఎవరు చెప్పారు?"

అమ్మ చూపు అలమర పైన ఉన్న రేకు పెట్టె మీదికి వెళ్ళి, అక్కడ కాలినట్టు వెనక్కి వచ్చింది. ఆ చూపు చాలు. గుండుసూది పిల్లను చంకనేసుకుని లేచింది.

పెట్టెలో టీకాల కార్డు ఉంది, చిరగకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి దాచుకున్న కార్డు. మొదటి పేజీలో రెండు చెవుల బొమ్మలు. ఒక్కో చెవి కింద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, ఆర్. ఇక్కడా ఆర్, అక్కడా ఆర్. ఆ అక్షరాలు ఆమె ముందే చూసింది. ఎన్నిసార్లో చూసింది. చూసి మురిసింది కూడా.

కాన్పు ఆపరేషనై మూడో రోజు. కుట్లు సలుపుతున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది, పాలు పడలేదు. నర్సు చిన్న పెట్టెలాంటి మిషను తెచ్చి, దాని వైరు కొస బిడ్డ చెవిలో పెట్టి చూసింది. ఒక చెవి, తర్వాత ఇంకొకటి, తర్వాత మళ్ళీ మొదటిది. అమ్మను వరండాలోకి పిలిచి ఏదో చెప్పింది. లోపలికొచ్చిన అమ్మ చేతిలోంచి గుండుసూది కార్డు లాక్కుని ముఖం మీద పెట్టుకుని చూసింది. యూనిట్‌లో చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ఆవిడ, బాగా వచ్చిన చొక్కాల కట్ట మీద ఆర్ అని రాస్తుంది, రైటు అని. విప్పి కుట్టాల్సిన కట్టకు ఇంటూ కొడుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆమెకు ఆ అక్షరం అర్థం అదొక్కటే. "రెండింటికీ ఆర్ ఇచ్చారు. రైటే కదమ్మా?" అంది, జ్వరంలోనే నవ్వుతూ.

అమ్మ తల ఊపింది. "రైటే," అంది.

"ఆర్ అంటే ఏంటమ్మా?" అని ఇప్పుడు అడిగింది గుండుసూది.

"నాకు అక్షరం ముక్క వచ్చా? రైటని నువ్వే అన్నావు. నేను తల ఊపానంతే."

నేను తల ఊపానంతే! ఆ మాటకు గుండుసూది మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. తిట్టినా కొట్టినా తట్టుకునేదేమో. ఏడో తరగతిలో బడి మాన్పించి తనను యూనిట్‌లో చేర్చింది ఈ అమ్మే. అప్పట్నుంచీ ఇంటికి ఏ కాగితం వచ్చినా, మందు సీసా వచ్చినా, "ఇది కాస్త చదివిపెట్టవే తల్లీ," అని చేతిలో పెట్టేదీ ఈ అమ్మే. కూడబలుక్కుంటూ చదివితే, పక్కింటివాళ్ళకు వినబడేలా "మా పిల్లకు రానిది లేదు," అని మురిసేది. ఆ మురిపెం చూసి, తెలియని చోట కూడా తెలిసినట్టే చదవడం అలవాటైంది గుండుసూదికి.

"నా సగం చదువు నీకు అంత బాగా పనికొచ్చిందన్నమాట," అంది. "నేను తప్పు చదివాను. నువ్వు తప్పని తెలిసి ఊరుకున్నావు."

"ఊరుకోక ఏం చెయ్యమంటావే?" అమ్మ ఒక్కసారిగా గొంతు పెంచింది. "నీ ఒళ్ళు పెనంలా కాలుతోంది. పాలు పడలేదు. ఆ నర్సమ్మే అంది, మూడు వారాల్లో మళ్ళీ తీసుకురండి, రెండు చెవులూ ఇంకోసారి చూడాలి, తల్లికి మాత్రం మెల్లగా చెప్పండి అని. మెల్లగా అంది. నేనేమన్నా విన్నదాన్ని వినలేదన్నానా? మెల్లగానే చెబుదామనుకున్నా."

"ఏడు నెలల మెల్లగానా?"

"జ్వరం తగ్గాక చెబుదామనుకున్నా. తగ్గింది, అప్పుడే పాలు పడుతున్నాయి. ఇప్పుడు చెబితే బెంగకు పాలు ఎండిపోతాయని ఆగా. నువ్వు మళ్ళీ పనిలోకి వెళ్ళాక చెబుదామనుకున్నా. వెళ్ళిన మొదటి రోజే చార్టు ముందు నిలబడి అదేం చేసింది, ఇదేం చేసింది అని అడిగితివి. నీ ముఖం చూసి..." అమ్మ ముక్కు చీదింది. "ఒకసారి చెప్పకపోతే రెండోసారి చెప్పడం ఎంత కష్టమో నీకు తెలియదే."

"నిజం చెప్పకపోవడం వేరమ్మా. అబద్ధం తయారుచేసి తినిపించడం వేరు. కుడిపక్కకి తిరిగిందన్నావే, ఆ కుడిపక్క ఎక్కడ్నుంచి తెచ్చావు?"

అమ్మ భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టసాగింది.

బుడ్డది ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. పెదాలు కదిలినప్పుడల్లా అటే చూస్తోంది. మూడు నెలలప్పుడు ఊఁ ఊఁ అని ఎంత కబుర్లు చెప్పేది! ఈ మధ్య ఆ ఊకొట్టడం తగ్గిపోయింది. 'పెద్దరికం వస్తోంది నీ కూతురికి' అని మొగుడు నవ్వితే తనూ నమ్మింది.

కార్డు వెనక క్లినిక్ నంబరు ఉంది. గుండుసూది ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. ఎత్తిన నర్సుకు కార్డు మీది నంబరు చదివి చెప్పి, అడగాల్సింది అడిగేసింది.

"సిస్టర్, ఆర్ అంటే రైటు కాదా?"

"కాదమ్మా. రెఫర్ అని. అంటే మళ్ళీ పరీక్షకు రావాలని. బాగుంటే పి అని రాస్తాం, పాస్ అని."

యూనిట్‌లో పి అంటే పెండింగు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అంటే మా పాపకు వినపడదా?"

"అలా అనకమ్మా. ఆర్ వచ్చినంత మాత్రాన చెవుడని కాదు. పుట్టిన కొత్తలో చెవిలో ఏదైనా అడ్డం ఉన్నా అలా రావచ్చు. అందుకే మళ్ళీ చూస్తాం. ఇప్పుడు ఎన్నో నెల?"

"ఏడు నిండాయి."

నర్సు గొంతు మారింది. కోప్పడలేదు, తొందరపడింది. "చూడమ్మా, ఒకవేళ నిజంగా లోపం ఉంటే చెవి మిషను పెట్టొచ్చు, మాట నేర్పించొచ్చు, చేతులతో మాట్లాడటం నేర్పించొచ్చు. దారులున్నాయి. కానీ మాటకు పునాది పడేది ఈ నెలల్లోనే. ఇప్పటికే ఆలస్యమైంది. పరీక్ష చేసే ఆవిడ ఇవాళ ఇక్కడే ఉంది. రేపట్నుంచి నెలన్నర సెలవు. ఒంటిగంటకు రావాల్సినవాళ్ళు రావట్లేదన్నారు. ఆ టైము నీకు రాసేదా?"

"రాయండి. ఇప్పుడే బయల్దేరతా."

"ఒక్క మాట. పాప నిద్రలో ఉంటేనే ఈ పరీక్ష అవుతుంది. అందుకని దారిలో పడుకోనివ్వకు. ఇక్కడికొచ్చాక పాలిచ్చి పడుకోబెట్టుకుందాం. దారిలో ఓ కునుకు తీసిందంటే ఇక్కడ కళ్ళప్పగించి చూస్తుంది, పరీక్ష పోతుంది."

"సరే సిస్టర్."

"అయినా మీరు వేరే చోట చూపించుకున్నారని రాసుందే ఇక్కడ?"

"ఎవరు చెప్పారు?"

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "మూడుసార్లు ఫోన్ చేశామమ్మా. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి, మూడోసారి పాప తండ్రి మాట్లాడారు. వేరే చోట చూపించాం, బాగానే ఉందన్నారు, ఇక ఫోన్ చెయ్యొద్దన్నారు. చూపించలేదా మరి?"

గుండుసూది ఏమందో ఆమెకే గుర్తులేదు. ఫోన్ పెట్టేసింది.

"నువ్వు ఆయనతో చెప్పావా?" అని అడిగింది అమ్మను.

"అల్లుడితోనా? నా నోటితో చెప్పలేదు, బుడ్డదాని మీదొట్టు. తెలిస్తే నిన్నేమంటాడోననే కదా నా ప్రాణం గిలగిలా కొట్టుకున్నది."

"ఆయనకు తెలుసు."

"తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు."

ఒకే ఇల్లు, రెండు గదులు. ముగ్గురు పెద్దవాళ్ళలో ఇద్దరికి తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు. ఇద్దరూ ఎవరికి వాళ్ళే, ఎవరి జాగ్రత్త వాళ్ళు పడుతూ, దాచింది మాత్రం ఒక్కదాని దగ్గరే. కన్నదాని దగ్గర.

అప్పుడు అమ్మ ఒక పొరపాటు చేసింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది. "అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట," అంది. ఎన్నో నెలలు నెత్తిన మోసిన బరువులో సగం ఎవరో అందుకున్నట్టు ఉంది ఆ గొంతు.

గుండుసూదికి ఒళ్ళు భగ్గుమంది. "నువ్వు ఇక నా పిల్లను ముట్టుకోకు," అంది.

"ఏమన్నావే?"

"విన్నావుగా. నీకు చెవులు బాగానే ఉన్నాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక వెనక్కి తీసుకునే మాట కాదది. అమ్మ మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. పిల్ల తలను నిమరబోయి, చెయ్యి మధ్యలోనే ఆపుకుంది. లోపలి గదిలోకి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు గుండుసూదికి వినపడింది. బుడ్డదానికి వినపడలేదు.

సంచిలో నాలుగు గుడ్డలు, ఒక తువ్వాలు, కార్డు. టైము పదకొండు కావస్తోంది. ఇది బుడ్డదాని నిద్రవేళ. బయల్దేరే ముందు లోపలి గది దగ్గర ఆగింది.

"అమ్మా, క్లినిక్‌కి వెళ్తున్నా."

పలకలేదు.

"అమ్మా!" తలుపు తట్టింది. "సరేలే. పలక్కు."

కోపంతోనే మెట్లు దిగింది. కింది వాటా పిన్ని తన తలుపుకు తాళం వేస్తోంది. చేతిలో సంచి, కాళ్ళకు కొత్త చెప్పులు.

"ఎక్కడికే, ఇద్దరూ షికారుకా? నీ కూతురు బంగారమమ్మా! నిన్న మా కుక్కరు విజిల్ పైకప్పు లేచిపోయేలా కూసినా కిక్కురుమనలేదు. మా మనవడైతే పక్కవాళ్ళు ఆవలించినా లేస్తాడు. పెట్టి పుట్టాలి ఇలాంటి పిల్ల." అంటూనే మెట్లు దిగింది. "నేను మా చెల్లెలింటికి వెళ్తున్నా, సాయంత్రానికి గానీ రాను. ఇవాళ ఇంట్లో ఇక మీ అమ్మ ఒక్కతే."

గుండుసూది తల ఊపింది. ఇంకో రోజైతే ఆ పొగడ్తకు దిష్టి తగులుతుందేమోనని లోపల్లోపల సంబరపడేది.

బస్టాపులో నిలబడి మొగుడికి ఫోన్ చేసింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎత్తేసరికి వెనక ఇనుప తలుపులు తెరుచుకుంటున్న మోత.

"ఏవండీ, బుడ్డదాని చెవుల సంగతి..."

"నీకెవరు చెప్పారు?"

ఏంటి అని అడగలేదు. ఏమైంది అని అడగలేదు. ఎవరు చెప్పారు అని అడిగాడు. క్లినిక్ వాళ్ళు పొరపాటున ఇంకెవరి పేరో రాసుకున్నారేమోనని ఆమె గుండెలో ఏ మూలో ఒక చిన్న ఆశ మిగుల్చుకుంది. ఈ ఒక్క మాటతో అది కూడా పోయింది.

"మీరే చెప్పాల్సింది. మీరు కాకుండా ఎవరో చెప్పారు," అంది. "వేరే చోట చూపించామని చెప్పారట. ఏ చోటండీ అది? ఆ చోటు నాకూ చూపించండి, నేనూ వెళ్ళొస్తా."

"వీధిలో నిలబడి గొడవ పడకు. ఇంటికెళ్ళు. సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం."

"నేను క్లినిక్‌కి వెళ్తున్నా. ఒంటిగంటకు పరీక్ష."

"వద్దు." అతని గొంతులో ఆమె ఎప్పుడూ వినని బెదురు ఒకటి వినపడింది. "సూదీ, నా మాట విను. ఆ పరీక్ష మాత్రం చేయించకు. ఒకసారి కాగితం మీద పడితే ఇక దాన్ని ఎవరూ తుడవలేరు. మా ఇంట్లో ఇది మొదటిది కాదు."

"ఏమన్నారు?"

ఇనుప తలుపులు మూసుకుంటున్న మోత. "ఏమీ లేదు. ఇంటికెళ్ళు," అన్నాడు. లైను తెగిపోయింది.

మొదటిది కాదంటే? ఇంకెవరు? పెళ్ళికి ముందు ఆ ఇంటికి వెళ్ళినప్పుడు కూర్చున్న వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ గుర్తుచేసుకుంది. అందరూ మాట్లాడారు, అందరూ విన్నారు. కనిపించనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? బస్సు వచ్చి ఆగింది. ఎక్కింది.

కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు ఊపుకు బుడ్డదాని కళ్ళు వాలిపోతున్నాయి. పడుకోనివ్వకూడదు. పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయింది. వినపడుతుందో లేదో తెలియని పిల్లను ఎలా లేపాలి? అరికాళ్ళు గిలిగింతలు పెట్టింది. బుగ్గలు పూరించి, కళ్ళు తిప్పి, నాలుక బయటపెట్టి వెక్కిరించింది. ఎదురు సీటు పెద్దాయన పేపరు దించి, ఈ అమ్మాయికి ఏమైనా అయిందా అన్నట్టు చూశాడు. చూస్తే చూడనీ అనుకుంది. బుడ్డది ఒకసారి నవ్వింది, రెండుసార్లు నవ్వింది, మూడోసారి తల వాల్చేసింది.

ఏం చెయ్యాలో తోచక ఆమె పాడటం మొదలుపెట్టింది. అలవాటు పాట, తను కట్టుకున్నదే, గళ్ళ చొక్కా గుండీ ఊడిందని ఏదో పిచ్చి పాట. బుడ్డది నిద్రకళ్ళతోనే చెయ్యి పైకెత్తి, చెమ్మగా ఉన్న అరచేతిని ఆమె గొంతు మీద ఆన్చింది. ఆగింది. కళ్ళు పెద్దవి చేసింది. పాట ఆగితే అరచేత్తో చిన్నగా తట్టింది, ఇంకా అన్నట్టు. పాడితే మళ్ళీ ఆన్చి కదలకుండా ఉంది.

ఇది కొత్త కాదు. పాలు తాగేటప్పుడు రోజూ చేసే పనే. ముద్దు చేస్తోందనుకుంది ఇన్నాళ్ళూ.

ఆ చెయ్యి అలాగే ఉంచుకుని మూడు స్టాపులు పాడింది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. కిటికీ అంచు మీద సాసరులో పొద్దున తను తీసిపెట్టిన బీపీ మాత్ర అలాగే ఉంది. గొడవలో చూసి కూడా ఊరుకుంది. ఆ మాత్ర ఒక్క పూట తప్పితే అమ్మ కళ్ళు తిరిగి పడిపోతుంది, కిందటేడు స్నానాలగదిలో అలాగే పడింది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. గడియ పడిన తలుపుకు ఇవతల, మిషను మీద ఒక్కటే మోగుతూ ఉంటుంది ఆ ఫోను.

పదకొండు ముప్పావు. క్లినిక్‌కి ఇంకా తొమ్మిది స్టాపులు. దిగి వెనక్కి వెళ్తే పరీక్ష ఇంకో నెలన్నర వెనక్కి పోతుంది. ఆమె దిగలేదు. పిల్లను లేపుతూ, పాడుతూ, ముందుకే వెళ్తోంది. మొగుడి నంబరు తెర మీద వెలుగుతోంది, ఆమె ఎత్తట్లేదు.

అందుకని మీకే చెబుతున్నా. మీలో ఎవరైనా ఆ వీధిలో ఉంటే కాస్త ఆ ఇంటి దాకా వెళ్ళండి. ఆకుపచ్చ గేటు, మూడో అంతస్తు. వరండా తలుపు దగ్గరగా వేసి ఉంటుంది గానీ గడియ లేదు, తోస్తే వస్తుంది. లోపలి గది తలుపు తట్టండి. పలక్కపోతే ఇంకా గట్టిగా తట్టండి. మాత్ర వేసుకుందో లేదో చూడండి. పిల్లను వేళకే తీసుకెళ్తోందని చెప్పండి. కూతురి కోపం పోయిందని మాత్రం చెప్పకండి, పోలేదు. ఆ పెద్దావిడ ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి, అంతే.